అక్క పాటలకు చివరి అనుమతి

ఆఫీసులో అందరూ అతణ్ణి తాళం గారు అనే పిలుస్తారు. ఆన్‌లైన్‌లో పాటలమ్మే ఆ కంపెనీలో, కొన్న పాటను ఇంకొకరికి కాపీ చేసివ్వకుండా అడ్డుకునే ప్రోగ్రాం రాసింది అతనే. ఇవాళ్టితో దాని పని సరి. రేపటి నుంచి కంపెనీ పాటలన్నీ తాళాల్లేకుండానే అమ్ముతుంది. పాత పాటలకు అనుమతులిచ్చే సర్వర్‌ను ఈ సాయంత్రం ఆరింటికి ఆపేస్తారు.

"కూతుర్ని సాగనంపుతున్నట్టు ఆ ముఖమేంటి తాళం గారూ?" అంది మేనేజర్.

"కూతురా? ఇన్నేళ్ళూ నన్ను పీక్కుతింది మేడమ్. ఫోనెత్తితే తిట్లే. కొన్న పాట నా ఇంట్లో నాకే పాడదేంటని."

ఆమె నవ్వింది. అతనికి నవ్వే ఓపిక లేదు. ఇంటికెళ్ళి పడుకోవాలనుంది. అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"ఏరా, రేపు పెట్టే వాటిలో నా ఆల్బమ్ ఉంది కదా?"

గొంతుకు ఆపరేషన్ అయినప్పటి నుంచి ఆమె మాట గరుకు కాగితం రాసినట్టు వస్తుంది. పాట ఇక రాదు. ఆమె పాడింది ఒక్కటే ఆల్బమ్.

"ఉండకేం" అని పెట్టేసి వెతికాడు. లేదు.

మేనేజర్ తల అడ్డంగా ఊపింది. "గోదాంలో పైపు పగిలి అసలు టేపులు పాడైపోయాయి. తాళమేసిన కాపీలున్నాయి కదా అని ఎవరూ పట్టించుకోలేదు. తీరా చూస్తే అవి కొన్నవాళ్ళ ఫోన్లు, కంప్యూటర్లలాంటి మిషన్లలో తప్ప తెరుచుకోవు. అంత గట్టిగా చేసింది మీరే కదా!"

"ఎక్కడైనా పాడే కాపీ దొరికితే?"

"రాత్రికల్లా పంపండి, పెడతాను. కానీ పాటలన్నీ ఉండాలి. సగం ఆల్బమ్ పెట్టి మాటలు పడలేను."

అతను కూలబడ్డాడు. ఒకసారి కొన్న పాట ఐదు మిషన్లలో పాడుతుంది. అక్క ఐదూ వాడేసింది. నాలుగు ఎప్పుడో మూలపడ్డాయి. ఆ ఆల్బమ్ కొన్న మిగతా నలుగురైదుగురూ ఫోన్లు మార్చేసి, అతణ్ణి తిట్టి, మర్చిపోయారు.

ఎదురుగా సర్వర్ తెర. ఎవరైనా తాళమున్న పాట నొక్కితే అక్కడ ఒక గీత వెలుగుతుంది. పొద్దుటి నుంచి అది చీకటిగానే ఉంది. ఇప్పుడు వెలిగింది.

అక్క ఆల్బమ్. అక్క ఖాతా. ఐదో మిషన్.

అతను నిటారుగా లేచి కూర్చున్నాడు. ఆ కంప్యూటర్ అక్క విడాకులు తీసుకుని వచ్చేసినప్పుడు బావ ఇంట్లోనే ఉండిపోయింది. ఆ తర్వాత తమ ఇంట్లో ఎవరూ బావ పేరెత్తలేదు.

"మేడమ్, ఆరు దాటేవరకూ ఆపనివ్వకండి!" అని అరుస్తూ ల్యాప్‌టాప్ సంచీలో కుక్కుకుని మెట్లు దిగాడు.

బావ తలుపు తీసి, తేరిపార చూశాడు. బనియన్ మీదున్నాడు. మనిషి సగమయ్యాడు.

"దారి తప్పావా బావమరిదీ?"

"అక్క పాటలు వింటున్నారా?"

బావ ముఖం ఎర్రబడింది. "వింటే? అది కూడా కోర్టులో రాశారా ఏంటి, వినకూడదని?"

"ఆ పాటలు కావాలి బావా. మీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు."

జరిగింది చెప్పాడు. బావ పక్కకు జరిగాడు.

తాళం తీయడం తనవల్ల కూడా కాదు. ఒకటే దారి. పాత కంప్యూటర్‌కు ఇయర్‌ఫోన్ గుచ్చేచోట వైరు పెట్టి, రెండో కొస ల్యాప్‌టాప్‌కు తగిలించాలి. పాట పాడుతుంటే ఇటు రికార్డవుతుంది. పాట ఎంతసేపో అంతసేపూ కూర్చోవాల్సిందే. ప్రతి పాట మొదట్లో మిషన్ సర్వర్‌ను అడుగుతుంది, అది సరేనంటేనే పాడుతుంది.

ఇద్దరూ కూర్చున్నారు. అక్క పాడుతోంది. ఇద్దరిలో ఎవరూ రెండోవాడి వైపు చూడలేదు.

"నీ తాళం మహా చెడ్డదయ్యా" అన్నాడు బావ, రెండు పాటల మధ్య. "నెట్ పోయి పాట రాని రోజు మీ అక్క నోరు మెదిపేది కాదు."

"తిట్టండి. ఇవాళ ఆఖరు రోజు."

ఒక్కటే మిగిలింది. నొక్కాడు. చక్రం తిరిగింది, తిరిగింది, ఆగింది. అనుమతి లేదు.

గడియారం చూశాడు. ఆరు కాలేదు. మేనేజర్‌కు ఫోన్ చేశాడు.

"నా చేతుల్లో లేదండీ. సర్వర్ గది వాళ్ళు ఇళ్ళకెళ్ళాలని ముందే వైర్లు పీకేశారు."

అతను వైరు వదిలేసి నేల మీద కూర్చుండిపోయాడు. తను బిగించిన తాళం. పగలగొట్టడానికి ఒక్క సందు కూడా ఉంచలేదు. ఆ చివరి పాటే అక్క ప్రాణం పెట్టి పాడింది. అది లేకపోతే మిగతావన్నీ దండగ.

బావ లేచి అల్మారా సొరుగు లాగాడు. తెర పగిలిన ఫోన్ ఒకటి తీసి చార్జింగ్‌కు పెట్టాడు.

"నీ తాళాన్ని నేనెప్పుడు నమ్మాను గనక? మీ అక్క వంటగదిలో ఈ పాట పెట్టుకుని గిన్నెలు కడుగుతుంటే, ఫోన్ అక్కడ పెట్టి రికార్డు చేశాను. కాపీ కొట్టానని పట్టిస్తావా ఏంటి?"

పాట మొదలైంది. వెనకాల కుళాయి నీళ్ళు. గిన్నెల చప్పుడు. సరిగ్గా పాట పైకెక్కేచోట, ఎవరో దగ్గారు. పెద్ద దగ్గు.

అతను అక్కకు ఫోన్ చేసి మొత్తం చెప్పాడు. పాట వినిపించాడు. "దగ్గు తీస్తే నీ గొంతు కూడా కాస్త పోతుందక్కా. ఏం చెయ్యమంటావ్?"

స్పీకర్‌లో అక్క గరుకు గొంతు వినపడింది.

"ఆయన ఇంకా సిగరెట్లు మానలేదా?"

"మానేశానని చెప్పు" అన్నాడు బావ కంగారుగా.

"మీరే చెప్పుకోండి. నాకు ఓపిక లేదు" అని ఫోన్ బావ చేతిలో పెట్టాడు.

బావ గోడవైపు తిరిగి ఏదో గొణిగాడు. అటునుంచి ఏదో విన్నాడు. ఇటు తిరిగి, "అలాగే పంపెయ్యమంటోంది" అన్నాడు. మళ్ళీ గోడవైపు తిరిగాడు.

అతను పాటలన్నీ పంపించాడు. ఎన్ని మిషన్లలో పాడాలని కంపెనీ పేజీ ఈసారి అడగలేదు. కాసేపటికి ల్యాప్‌టాప్‌లో మేనేజర్ మెసేజ్. 'చివరి పాటలో ఎవరండీ దగ్గేది?'

'మా బావ. పాటలన్నీ ఉన్నాయిగా, పెట్టండి.'

'సరే' అని వచ్చింది.

అతను వైరు చుట్టి సంచీలో పెట్టుకున్నాడు. తన ఫోన్ ఇమ్మని అడుగుదామనుకున్నాడు. బావ ఇంకా గోడవైపే నిలబడి వింటున్నాడు. అతను గోడకు జారగిలబడి కళ్ళు మూసుకున్నాడు.