మూల తిరగని తీగ

మా మామగారు తాపీమేస్త్రీ. పని మానేసినా ఆయన కళ్లు మాత్రం మానలేదు. ఎవరింటికి వెళ్లినా ఇచ్చిన మంచినీళ్లు తాగకముందే గోడల మూలలు చూస్తారు. మూల కాస్త అటూ ఇటూగా ఉంటే ఆ ఇంటివాళ్ల మీదే ఆయనకు అనుమానం. మేముండే ఇల్లు ఆయన స్వయంగా కట్టుకున్నదే. ఇందులో వంకరగా ఉన్నది కోడలి నోరొక్కటేనని ఆయన అభిప్రాయం.

ఇంటి నుంచే పిల్లలకు లెక్కలు చెప్పే ఉద్యోగానికి నేను రెండుసార్లు ప్రయత్నించాను. రెండుసార్లూ పాఠం మధ్యలో ఫోన్ సిగ్నల్ చేతులెత్తేసింది. ఆ స్కూలువాళ్లు దయతలచి మూడోసారి పిలిచారు. ఇదే ఆఖరు అని కూడా చెప్పారు. అందుకే ఇంట్లో పోరుపెట్టి ఫైబర్ లైన్ పెట్టించాను.

లైన్ బిగించడానికి వచ్చినతను వీధి స్తంభం నుంచి తీగ లాగి, కిటికీ పక్కగా లోపలికి తెచ్చి, హాలు మూల తిప్పి నా గదిలోని రౌటర్‌కి కలిపాడు. మూల దగ్గర మాత్రం వదులుగా, గుండ్రంగా వదిలేశాడు. మామగారి మొహం మాడిపోయింది.

"అదేంటి బాబూ, అలా వేలాడుతోంది?"

"లోపల గాజు దారం ఉంటుంది పెద్దాయనా. అందులోంచి వెలుగు పోతుంది. మడత పడితే ఆ వెలుగు మూల తిరగలేదు. ఇలాగే ఉండనివ్వండి."

మామగారు తలూపారు. మాట చెవికెక్కిందనే అనుకున్నాను.

మర్నాడు గది తలుపు వేసుకుని తెర ముందు కూర్చున్నాను. అటువైపు ఇద్దరు పరీక్షకులు. రొట్టె ముక్క పట్టుకుని సగంలో సగం పావు ఎలా అవుతుందో చెబుతుండగా వాళ్ల మొహాలు నోరు తెరిచినట్టే ఆగిపోయాయి. రౌటర్ మీద ఎర్ర లైటు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

తలుపు తీసి చూస్తే మామగారు స్టూలెక్కి ఉన్నారు. నోట్లో మేకులు, చేతిలో మూలమట్టం. తీగ గోడకు అతుక్కుపోయి, మూల దగ్గర నిక్కచ్చిగా తొంభై డిగ్రీలు తిరిగింది. నిజం చెప్పాలంటే ముచ్చటగా ఉంది. దాంతో నాకు ఇంకా ఒళ్లు మండింది.

"నా ఉద్యోగం పోగొట్టారు మామయ్యగారూ."

ఆయన మేకులు అరచేతిలోకి ఊసి, నా మొహం చూసి, మూల దగ్గరి మేకు పీకేశారు. తీగను ఇవతలికి లాగి రెండు చేతులతో గుండ్రంగా పట్టుకున్నారు.

"చూడు, వచ్చిందా?"

పచ్చ లైటు వెలిగింది.

"పో, పోయి పాఠం చెప్పుకో."

తెర మీద మొహాలు కదిలాయి. వాళ్లలో పెద్దావిడ కళ్లజోడు సవరించుకుంది. "మీ లైను మళ్లీ పోతుందా అమ్మా?"

తెరిచిన తలుపులోంచి చూశాను. మామగారు తీగను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని, కదిలితే ఏమవుతుందోనని బిగుసుకుపోయి ఉన్నారు.

"పోదండి," అన్నాను. "మా మామగారు పట్టుకున్నారు."

పాఠం అయ్యేదాకా ఆయన స్టూలు దిగలేదు. సాయంత్రానికి ఉద్యోగం వచ్చినట్టు కబురొచ్చింది. ఆ మాట చెబితే ఆయన లేచి వెళ్లి తన పనిముట్ల సంచి తెచ్చుకున్నారు. సంచిలోంచి ఉలీ సుత్తీ తీసి, తీగ ఒంపు తిరగడానికి వీలుగా తన గోడ అంచునే గుండ్రంగా చెక్కడం మొదలుపెట్టారు. నాకు ఏడుపొచ్చేసింది.

"వద్దు మామయ్యగారూ. వేలాడితే వేలాడనివ్వండి."

"నువ్వూరుకో," అన్నారు, తల తిప్పకుండానే. "రోజూ నేనెక్కడ పట్టుకుని నిలబడను?"