నిలకడ అనే ప్రశ్న

మత్తు డాక్టరు మత్తిస్తే మనిషేమిటి, గోడ గడియారం కూడా కాసేపు కునుకు తీసి లేచేదని ఆసుపత్రిలో చెప్పుకునేవారు. అంతటివాడికి ఓ గ్యాసు నిద్ర లేకుండా చేసింది. కొత్తగా కొనాలనుకుంటున్న ఆ మత్తు గ్యాసుతో రోగి చప్పున లేస్తాడు, నిజమే. కానీ రోగి వదిలిన గ్యాసు మేడమీది గొట్టంలోంచి ఆకాశానికెక్కి ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. గంటసేపు వాడితే, కారులో వందల కిలోమీటర్లు తిరిగినంత పాపం. పాత గ్యాసుతో అంత బాధ లేదు.

ఆసుపత్రిలో ఏది కొనాలన్నా ముందు ఒక కమిటీ మార్కులు వేస్తుంది. ఆ కమిటీకి పెద్ద సర్జనుగారే. ఆయన మత్తు డాక్టరుకు స్వయానా అక్క మొగుడు. ఒకరి కత్తికి ఒకరి మత్తు తోడుగా ఇద్దరికీ జుట్టు నెరిసింది.

"బావా, మార్కుల్లో ఒక ప్రశ్న చేర్చాలి. రోగికి మంచిదేనా అని చూస్తే చాలదు. గాలీ నీరూ దాన్ని ఎన్నాళ్లు తట్టుకుంటాయో కూడా చూడాలి."

"చేరుద్దాం బామ్మర్దీ. పేరేం పెడదాం?"

"నిలకడ."

"భేషుగ్గా ఉంది. నీ తరఫున నేను మాట్లాడతా, మీ అక్క మీద ఒట్టు."

"ఒట్లకి నేనే దొరికానా" అంది అక్క వంటింట్లోంచి.

కమిటీ కూర్చున్నరోజు బావ ఆ ప్రశ్న చదివాడు. "నిలకడ. ఈ గ్యాసుతో రోగి పరిస్థితి నిలకడగా ఉంటుందా? ఉంటుంది. పదికి పది."

పొరబడ్డాడనుకున్నాడు మత్తు డాక్టరు. "ఆ నిలకడ కాదు బావా. గాలి సంగతి."

"ఆపరేషన్ గదిలో ఆ మాటకి ఇంకో అర్థం ఉందా?" అన్నాడు బావ, అందరి వైపూ చూస్తూ, ఒక్క అతని వైపు తప్ప.

ఆకాశానికి జ్వరం చూడ్డానికి థర్మామీటరు తెచ్చావా అన్నారెవరో. అందరూ నవ్వారు. గ్యాసు నెగ్గింది, అదీ మత్తు డాక్టరు పెట్టించిన ప్రశ్నలో కొట్టేసిన మార్కులతో.

వరండాలో బావను ఆపాడు. "తెలిసే చేశావా?"

"రోగి చప్పున లేస్తే పూటకి ఇంకో ఆపరేషన్ పడుతుంది. బయట కాచుక్కూచున్నవాళ్లు మనుషులు కారా?"

"ఆ మాట నాతో ముందే అనుంటే వాదించుకునేవాళ్లంగా."

"నీతో వాదించి ఎవడు గెలుస్తాడు?" అని బావ భుజం తట్టి వెళ్లిపోయాడు.

కొత్త గ్యాసుతో మొదటి ఆపరేషన్. కత్తి అందుకుని బావ ఎప్పటిలాగే అడిగాడు, "ఎలా ఉన్నాడు బామ్మర్దీ?"

ఇన్నేళ్లుగా దానికి ఒకటే జవాబు: నిలకడగా ఉన్నాడు బావా. మత్తు డాక్టరు ఆ మాట నోటిదాకా తెచ్చుకుని మింగేశాడు.

"మీరు మొదలుపెట్టొచ్చు, డాక్టరుగారూ."

బావ చేతిలో కత్తి ఒక్క క్షణం ఆగింది. మేడమీది గొట్టం మాత్రం ఆగలేదు.