పురుగులకి పడదు

జనవరి తొమ్మిది. ఆ పూట ఇంట్లో రాగిముద్ద, పితికిపప్పు సాంబారు. పప్పు కోసం నానిన అనపగింజల తొక్క తీస్తూ ప్రతిమ మోచేత్తో కళ్ళు రుద్దుకుంటే అత్త అక్కయమ్మ అననే అంది: "ఎప్పుడు చూసినా ఏడుపుమొకమే!"

ఏడుపు కాదు, దురద. సాదలి ఊళ్ళో ఆ ఇంటి నడిమింట తట్టల నిండా పట్టుపురుగులు. వాటి పక్కనే ప్రతిమ చాప. ఎండిన ఆకు, పురుగుల పెంట ఎత్తేదీ, సున్నప్పొడి చల్లేదీ ఆమే. తెల్లారేసరికి రెప్పలు అతుక్కుపోతాయి.

పొద్దున చింతామణి ఆస్పత్రిలో కళ్ళ డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. చుక్కల మందు ఒక్కటే చాలదట, దుమ్ముకి ఎడంగా ఉండాలట. పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి. పనిలో కళ్ళద్దాలు పెట్టుకోవాలి, కాగానే మొహం కడుక్కోవాలి. దిండు గలీబు వేడినీళ్ళలో ఉతకాలి. పురుగులున్న చోట పడుకోకూడదు.

తిండి దగ్గర ప్రతిమ ఇదంతా చెబితే భర్త అమరేష్ ముద్ద మింగుతూ నవ్వాడు. "కళ్ళద్దాలా? పురుగులు నిన్ను చూసి బెదురుకుంటాయి. ఇంగ తడిగుడ్డంటావా, చెమ్మ పురుగులకి పడదు."

పడదు. ఆ మాటకి ఈ ఇంట్లో ఎంత మర్యాద! పడదని ఊదొత్తి వెలిగించరు. తిరగమోతలో మిరపకాయ మాడనివ్వరు. అమరేష్ బీడీ కూడా వీధిలోనే. కాళ్ళు కడక్కుండా ఎవరూ గడప తొక్కరు. ప్రతిమ తలకి వాసన నూనె రాసుకుని ఎన్నాళ్ళయిందో. అదే మాట ఆమె కళ్ళు చెబితే మాత్రం ఏడుపు.

మధ్యాహ్నం సామాన్ల గది తడిగుడ్డతో తుడిచింది. గలీబు ఉతికి ఎండలో ఆరేసింది. సాయంత్రం మేత వేసి, మొహం కడుక్కుని, దిండు చంకన పెట్టుకుంది.

"యాడికి పోతాండావు?" అన్నాడు అమరేష్.

"ఆ గదిలో పండుకుంటా. ఈడ నాకు పడదు. రాత్రి మేత మీరెయ్యండి."

"చూడమ్మా, ఏమంటాండాదో!"

అక్కయమ్మ లేచి లోపలికి పోయింది. కాసేపటికి తన దిండు తీసుకుని ప్రతిమ వెనకే గదిలోకి వచ్చింది. బల్బు వెలుగులో ఆమె రెప్పలు ఎర్రగా, వాచి ఉన్నాయి. ఇన్నేళ్ళూ అది ముసలితనమనే అనుకుంది ప్రతిమ.

"మా అత్త నన్నూ ఏడుపుమొకమనే పిలిచేది" అంది అక్కయమ్మ. "దుమ్మని నాకెవురూ చెప్పలేదమ్మా. రోంత జరుగు."

ప్రతిమ జరిగింది. అక్కయమ్మ వెనక్కి తిరిగి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.