తిరిగే చక్రానికి బ్రేకు

ఆ ట్రాక్టర్ మెకానిక్‌ని షెడ్డులో అందరూ మైకు అంటారు. నిద్రలో తప్ప ఆయన నోరు మూతపడగా చూసినవాళ్లు లేరు. ఆయన కూతురికేమో నోట్లో నాలుక లేదు. ట్రాక్టర్ ఎక్కితే ఎవరికీ తీసిపోదు గానీ, అడిగినదానికి బదులు చెప్పలేక ఇప్పటికే రెండు ఉద్యోగాలు పోగొట్టుకుంది. ఈసారి ఆటల మైదానంలో డ్రైవర్ పని. ఇదీ చేజారితే ఎలా అని మైకు వెంటబడి వచ్చాడు.

సూపర్‌వైజరమ్మ పేరడిగితే ఆయనే చెప్పాడు. అనుభవం అడిగితే అదీ ఆయనే చెప్పాడు.

"ఉద్యోగం మీకా, అమ్మాయికా?" అంది ఆవిడ.

"అమ్మాయికేనండీ! నేను ఊరికే అందిస్తున్నా."

ట్రాక్టర్‌కి నేల చదునుచేసే రోలరు తగిలించి మైదానం ఒక చుట్టు తిప్పమన్నారు. సగం దూరం బాగానే సాగింది. నీళ్ల గొట్టం కారి నానిన చోట కుడి వెనక చక్రం దిగబడింది. అది గిర్రున తిరుగుతూ బురద చిమ్ముతోంది. ఎడమది గట్టినేల మీదే ఉంది, అయినా అంగుళం కదలదు.

"రేజ్ చెయ్యి! ఇంకా రేజ్ చెయ్యి!" మైకు గట్టు మీద గంతులేశాడు.

కంగారులో కూతురికి తను చెప్పిన పాఠమే మర్చిపోయాడు. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి కాబట్టి, రెండింటినీ వేరువేరు వేగాల్లో తిరగనిస్తుంది డిఫరెన్షియల్. దాంతో తంటా ఒక్కటే. ఒక చక్రం జారిందా, తిరుగుడంతా దానికే పోతుంది. రెండోది చేతులు కట్టుకుని కూర్చుంటుంది. రెండింటినీ కలిపి బిగించే లాక్ ఆ ముసలి బండికి ఎప్పుడో పాడైంది.

అమ్మాయి కంగారుపడలేదు. వెనక చక్రాలకు చెరొకటిగా ఉన్న రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం తప్పించి, కుడిదాన్ని మాత్రం మెల్లగా తొక్కింది. గిర్రున తిరిగేది నెమ్మదించింది. తిరుగుడు ఎడమ చక్రానికి మళ్లి, అది నేలను పట్టుకుంది. రోలరుతో సహా బండి బయటికొచ్చేసింది.

ఆమె దిగొచ్చి తండ్రి పక్కన నిలబడింది.

"బ్రేకు వేస్తే బండి కదలడమేంటమ్మా?" సూపర్‌వైజరమ్మ అడిగింది.

మైకు నోరు తెరిచాడు. బురద బూటొకటి ఆయన పాదం మీదికొచ్చి మెత్తగా నొక్కింది.

ఆయన ఆగిపోయాడు. ఇన్నేళ్లుగా తాను గిర్రున తిరుగుతుండబట్టే పిల్ల కదల్లేదని అప్పుడు తట్టింది. సిగ్గేసింది. పిల్ల మీద ప్రేమ ముంచుకొచ్చింది.

అమ్మాయి మొదలుపెట్టింది. మొదట రెండు మాటలు తడబడింది. తర్వాత చేతులు తిప్పుతూ, చక్రాలు, గేరు పళ్లు, పెడళ్లు అన్నీ గడగడా చెప్పేసింది. సూపర్‌వైజరమ్మ మధ్యలో మూడు ప్రశ్నలేసింది. మూడింటికీ జవాబులొచ్చాయి.

"సోమవారం పొద్దున్నే వచ్చెయ్," అని ఆవిడ మైకు వైపు తిరిగింది. "ఏమండీ, ఉలుకూ పలుకూ లేదేం?"

మైకు కళ్లు తుడుచుకుని కిందికి చూశాడు.

"అమ్మాయి ఇంకా బ్రేకు మీంచి కాలు తియ్యలేదండీ."