ఊకకి కూడా కిరాయి

పన్నెండుమంది పడవవాళ్ళకి అన్నం వార్చి చేతులు కడుక్కుంటుంటే, సావిట్లోంచి భర్త కనకరాజు మాట వినిపించింది రత్నమాణిక్యానికి.

"భోజనాలకి మాకు ఖర్చేమీ లేదండీ. ఇంట్లోనే వండేస్తారు."

అత్తిలి నుంచి వచ్చిన షావుకారు మెచ్చుకోలుగా నవ్వాడు.

మూడేళ్ళ కిందట, పంతొమ్మిది వందల ముప్పై ఒకటిలో ధాన్యం ధర పడిపోయి కనకరాజు వ్యాపారం మునిగేలా ఉన్నప్పుడు దారి చూపింది ఆమే. కొల్లేటి పక్క ఊళ్ళ ధాన్యం పడవల మీద వాళ్ళ ఊరు ఏలూరు వచ్చేది. ఊరి రేవులో దించి, బండ్ల మీద కొట్లకి చేర్చి, మళ్ళీ పడవెక్కించి తాడేపల్లిగూడెం మిల్లుకి పంపేవారు. బియ్యం అక్కడ రైలెక్కేవి. "బస్తాలో మూడో వంతు ఊకా తవుడూనే కదండీ. ఊకకి కూడా కిరాయి దేనికి? మన ఇంటి వెనక రేవు పక్క మిల్లులోనే ఆడించి బియ్యం పంపండి, బండ్లూ అక్కర్లేదు" అంది ఒకనాడు వడ్డిస్తూ. ఆయన తలెత్తలేదు. "నీకెందుకివన్నీ, పులుసు పొయ్యి" అన్నాడు. నెల తిరక్కుండా అలాగే చేశాడు. వ్యాపారం నిలబడింది. రాజుగారి బుర్రే బుర్ర అన్నారంతా.

అప్పట్నించీ పడవలు వాళ్ళ రేవులోనే ఆగుతున్నాయి. కూలి తగ్గించుకుంటే భోజనం పెడతానని ఆయన పడవవాళ్ళతో ఒప్పుకున్నాడు. చిరిగిన గోనెలు కుట్టడం కూడా ఆమె మీదే పడింది. దబ్బనం గుచ్చుకుని వేళ్ళు వాచేవి. కిందటి శ్రావణంలో మూడో నెల గర్భం పోతే, "నువ్వు పడుకుంటే వాళ్ళకెవరు వండుతారమ్మా" అంది అత్తగారు వీరరాఘవమ్మ, కోపంగా కాదు, నిజంగానే తోచక. అప్పుడు ఏడుపు కూడా రాలేదు. తను చెప్పిన దారే పడవలన్నిటినీ తెచ్చి తన పొయ్యి ముందు ఆపిందనుకుంది.

"మా సరుక్కీ ఇదే ఏర్పాటు చేసిపెట్టండి. భోజనానికి మరో పదిమంది పెరుగుతారేమో" అంటున్నాడు షావుకారు.

"దానికేముందండీ" అన్నాడు కనకరాజు.

ఆ ఇంటి ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ ముందుకి రారు. రత్నమాణిక్యం గడప దాటి సావిట్లోకి వచ్చి నిలబడింది. కనకరాజు మొహం పాలిపోయింది. "లోపలికి వెళ్ళు" అన్నాడు మెల్లగా.

ఆమె షావుకారు వైపే చూసింది.

"ఆ ఏర్పాటు నేను చెప్పిందేనండీ. అందులో ఒక పొరపాటుంది. రేపట్నించి పడవవాళ్ళకి ఈ ఇంట్లో వంట జరగదు. ఊక బరువు కూడా లెక్కవేశాను గాని, నా మీద పడే బరువు కలపడం మర్చిపోయాను."