నడిమి ముక్క

బరువులెత్తే ఇనుప తాడు పుటుక్కున తెగి, దాని బరువు మీద పడి కింద ఉన్న లోడింగు కార్మికుడు నలిగిపోయి మూడు రోజులైంది. తీగల మిల్లులో నాణ్యత ముద్ర వేసే పెద్దాయనకు ఆ మూడు రోజులూ ముద్ద దిగలేదు. ఆ తాడు పేనింది ఈ మిల్లు తీగతోనే. దాని మీద ముద్ర ఆయనదే.

పొద్దున్నే మేనేజరు అందర్నీ షెడ్డులో నిలబెట్టాడు.

"ఎక్కువ బరువు ఎత్తి వాడే చచ్చాడు. మన తీగ బంగారం! పెద్దాయనా, చూపించు."

పెద్దాయన తీగ చుట్ట కొస నుంచి జానెడు ముక్క కోసి, మెలిపెట్టే యంత్రానికి బిగించాడు. ముప్పై మెలికలు తిరిగి, కత్తితో కోసినట్టు అడ్డంగా తెగింది. మంచి తీగ అలాగే తెగుతుంది. తీగ సాగదీసే యంత్రం ఇంకా నెమ్మదిగా నడుస్తున్నప్పుడు సాగిన కొస మరి! ఆ తర్వాత మేనేజరు పెంచమన్న వేగానికి తీగ కాగిపోయి పెళుసెక్కుతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. తెలిసీ ఆరేళ్లుగా కొసే కోశాడు.

చనిపోయినవాడి భార్య ముందుకొచ్చింది. ఆమె ఈ మిల్లులోనే చుట్టలు కడుతుంది.

"బాబాయ్, నడిమి ముక్క కొయ్యి."

"చుట్ట పాడవుతుందమ్మా." నోటికి అలవాటైన మాట వచ్చేసింది.

"నా ఇల్లు పాడైంది కదా, బాబాయ్!"

పెద్దాయన సిగ్గుతో చచ్చిపోయాడు. కట్టరు అందుకున్నాడు.

"ముట్టుకున్నావో, నీ ఉద్యోగం ఊడుతుంది!" మేనేజరు అరిచాడు.

ఆయన కోసి బిగించిన నడిమి ముక్క నాలుగు మెలికలకే వెదురులా నిలువునా చీలింది. ఆ చప్పుడు షెడ్డంతా వినబడింది.

"నీకు ముందే తెలుసా?" యంత్రం నడిపేవాడు నిలదీశాడు.

"తెలుసు. భయపడ్డాను."

"ఛీ!" అన్నాడతను. కాసేపటికి గొంతు తగ్గించాడు. "వేగం పెంచిన చెయ్యి నాదే లే. తీగ లాగే చక్రం కాలిపోతుంటే నేనూ చూశాను."

"నేనూ చూశాను," అన్నాడు ఇంకొకడు. తలలు వంచుకున్న మనుషులు ఒక్కొక్కరే నోరు విప్పారు.

"ఎవడి సిగ్గు వాడే దాచుకున్నాం. అందుకే వీడు ఇన్నాళ్లు మన నెత్తినెక్కాడు," అందామె. "యంత్రాలు ఆపండి!"

వరసగా పన్నెండు యంత్రాలూ ఆగాయి.

మేనేజరు పోలీసుల్ని పిలిపించి పెద్దాయన్ని చూపించాడు. "తప్పుడు ముద్ర వేసింది ఇతనే!"

"నేనే," అన్నాడు పెద్దాయన, చేతులు చాపి. "రాసుకోండి. వేగం ఎవరు పెంచమన్నారో అదీ రాసుకోండి."

వ్యాను ఎక్కుతుంటే వెనక నుంచి ఆమె గొంతు వినిపించింది.

"గోడౌన్లో ఉన్న ప్రతి చుట్టా విప్పండి! నడిమికి కొయ్యండి!"

షెడ్డులో కట్టర్లు ఒకటొకటిగా మోగసాగాయి.