మా అత్తయ్య సాగదీసిన పాట

మా అత్తయ్య రత్నమణి పోయి నెల కావస్తోంది. వన్ టౌన్‌లో మా చర్చిలోనే జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. ఆవిడకు ఇష్టమైన కీర్తనతో ముగించాలని ఇంట్లో అందరం అనుకున్నాం. ఎలా పాడాలన్న దగ్గరే గొడవ వచ్చింది.

అత్తయ్య ఆ కీర్తనను ఎన్నడూ తాళంలో పాడలేదు. చరణం చివర గొంతు సాగదీసేది. కీబోర్డు ఆగిపోయి, అందరూ పుస్తకాలు మూసేశాక కూడా ఆవిడ పాట నడుస్తూనే ఉండేది. పాస్టరుగారు కళ్లు మూసుకుని కాచుకునేవారు. ఎవరైనా నవ్వితే, "దేవుడికేటి తొందర? నాను పాడీదాకా ఉంతాడు" అనేది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు! బడిలో ఆయాగా చేసిన రోజుల్లోనూ అంతేనట. అన్నం తినడం పూర్తికాని పిల్లల్ని గంట కొట్టినా లేవనిచ్చేది కాదు. ఆవిడతో బయల్దేరితే ఏ పెళ్లికి టైముకి చేరాం గనక! నాకు ఒళ్లు మండేది. అయినా ఆ పాటను సరిచేసి పాడితే అది ఆవిడ పాట కాదనిపించింది.

చర్చిలో కీబోర్డు వాయించే విజయరత్నం ఇంటికి వెళ్లాను. చుట్టం కాకపోయినా ఆయన్ని మావయ్యా అనే పిలుస్తాను.

"ఈ ఒక్కపాలికీ అత్తయ్య పాడినట్టే వాయించండి మావయ్యా."

"ఏటమ్మా రోజలిన్, తప్పని తెలిసీ వాయించమంతావా? ఇన్నేళ్లూ ఆవిడ సాగదీతతో ఏగాను. ఈపాలైనా నన్ను పద్ధతిగా వాయించనీ" అన్నాడు.

కోపంతో టీ కూడా తాగకుండా వచ్చేశాను.

కూడికలో ఆయన అన్నంత పనీ చేశాడు. తాళం తప్పకుండా మొదలుపెట్టాడు. కానీ చర్చి ఆయన వెంట వెళ్లలేదు. చరణం చివరికి వచ్చేసరికి అందరి గొంతులూ వాటంతటవే సాగాయి. ఏళ్ల తరబడి అలాగే విన్నవాళ్లాయె. కీబోర్డు ఒక్కటే ముందుకు పోయి, బిక్కమొహం వేసి, వెనక్కి వచ్చింది. అత్తయ్యే గెలిచిందని నాకు లోపల నవ్వొచ్చింది.

పాట అయిపోయింది. పుస్తకాలు మూశారు. ఎవరూ కూర్చోలేదు. పాస్టరుగారు కళ్లు మూసుకున్నారు గాని ప్రార్థన మొదలుపెట్టలేదు. నాకు ఒక క్షణం అర్థం కాలేదు. అలవాటు కొద్దీ అందరూ అత్తయ్య ముగిస్తుందని ఆగారు.

ఆవిడ గొంతు రాలేదు. సమాధి దగ్గర రాని ఏడుపు నాకు అప్పుడు వచ్చింది. విజయరత్నం మావయ్య ఆఖరి స్వరం మళ్లీ నొక్కి, ఆవిడ ఎంతసేపు సాగదీసేదో అంతసేపూ వేలు తియ్యలేదు.